చౌడప్ప పేరున వచ్చే రికార్డు

అమ్మా,

మాలూరు ఫ్యాక్టరీకి ఈరోజు ముందే పోవాల, అందుకే నిన్ను లేపలేదు. రాగిముద్ద చేసి మూతపెట్టినాను, ఉప్పుసారు వేడి చేసుకో. నిన్నటి మాదిరి వట్టి కాఫీతో ఉండొద్దు.

మధ్యాహ్నం కొరియర్ ఆయన వస్తాడు. పేపర్లో పాఠకుల పోటీ పెట్టినారే, పాత ఇంగ్లీషు పాటల రికార్డు బహుమానమని, దాంట్లో గెలిచినాము. నల్లగా పళ్ళెమంత ఉంటుంది. ఎండ తగిలితే వంగిపోతుందంట, బీరువా పైన పెట్టు.

కూపన్లో అప్పా పేరే రాసేసినాను, చౌడప్ప అని. మన గని లైన్లో ఇల్లు, రేషను, కరెంటు బిల్లు అన్నీ అప్పా పేరు మీదే కదా, చెయ్యి అట్లే పోయింది. పోస్టులో వేసినాక గుర్తొచ్చింది, అప్పా లేడని. వాళ్ళు ఫోన్ చేసి చౌడప్పగారికి అభినందనలు అంటే, సరే అని పెట్టేసినాను. ఏడుపు కూడా రాలేదు.

దాన్ని తిప్పే మిషన్ మనింట్లో ఎప్పుడూ లేదు. అప్పా గని ఆఫీసర్ల క్లబ్బు గోడ పక్కన నిలబడి ఆ పాటలు వినొచ్చి, మనకు ఈల వేసి వినిపిస్తా ఉండె. రికార్డు ఉండనీ. అప్పా చొక్కాలు నన్నడక్కుండా ఇచ్చేసినావు, దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

సుమ

ఇంగొకటి. చౌడప్ప యాడ అని కొరియర్ ఆయన అడిగితే, షిఫ్టుకు పోయినాడని చెప్పి నువ్వే సంతకం పెట్టు. గని ఉన్నప్పుడు, అది మూసినాక అప్పా వాచ్‌మన్ పనికి పోయినప్పుడు, వాకిట్లో ఎవరొచ్చినా ఆ మాటే చెప్తా ఉంటివి. సాయంత్రం నేనొచ్చి అడిగినా అదే చెప్పు.