పాతాళ బస్టాండు

1942 మార్చి 3, మంగళవారం

బస్టాండులో గుంత తవ్వాలట. జపాను విమానాలు వస్తే ప్రయాణికులు అందులో దూరి దాక్కోవాలని తాలూకా ఆఫీసు ఉత్తరువు. ధర్మపురి మీద బాంబు వేయాల్సినంత గొప్ప ఏముందో! చిన్న రైలు పట్టాలు పీకి యుద్ధానికి పంపేశాక పాలకోడు జనం, మల్లాపురం జనం అంతా మా బస్సుల మీదే పడుతున్నారు. పెట్రోలు కరువు కదా, బొగ్గు రాజేసి గంటసేపు విసిరితే గాని బస్సు కదలదు. టిక్కెట్లు రాసి రాసి నా వేళ్ళు పీకుతున్నాయి.

మా బస్సు కంపెనీ ఏజెంటు తెలుగాయనే. మాట్లాడతాడు, చదవలేడు. నాకు మిషను బడిలో కడప పంతులు తెలుగు అక్షరాలు నేర్పాడు. ఈ అరవ ఊళ్ళో అవి వచ్చినవాళ్ళు బహు తక్కువ. ఆ ధైర్యంతోనే ఇందులో రాస్తున్నాను.

మార్చి 5

తవ్వడానికి పదిమంది వచ్చారు. ఊరి బయట చేరి అనే మా అంటరాని వాడ వాళ్ళే. అందులో నాయన…

నా వైపు చూడలేదు. పదిమందిలో ఒక్కడూ చూడలేదు. నన్ను ఎత్తుకు తిరిగిన మునెన్న కూడా టిక్కెట్టు కిటికీ ముందు నుంచి తల వంచుకుని పోయాడు.

మార్చి 6

నిన్నంతా అదే తలపు. ఉద్యోగం కోసం వచ్చిన రోజు ఏజెంటు అడిగాడు — "ఇంట్లో ఏం మాట్లాడతారప్పా?" తెలుగు అన్నాను. "అట్లయితే మన నాయుళ్ళే!" అని తానే తేల్చేశాడు. ఈ సీమలో చేరి వాళ్ళ ఇళ్ళలోనూ తెలుగే. అది ఆయనకు తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉంది, బయట మా వాళ్ళు అరవమే మాట్లాడతారు. నేను తల ఊపాను. అంతే, నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు. రెండేళ్ళుగా ఆ తల ఊపునే తింటున్నాను, కట్టుకుంటున్నాను.

మార్చి 8, ఆదివారం

ఇంటికి పోయాను, ఎప్పటిలాగే ఎవరి కంటా పడకుండా కాలవ గట్టు మీదుగా. అమ్మ: "మీ నాయన చేతులు చూసినావా, ఎట్ల బొబ్బలెక్కినాయో?" నాయన మాత్రం నవ్వాడు. "నువ్వు ఆడ కుర్చీలో కూసో. నేను మట్టెత్తుకుంటా. ఎవురి పని వాళ్ళది. నన్ను చూసి పలకరిస్తివో, నీ పని పోతాది రా."

చాప మీద జరిగి చోటిచ్చాడు. సంగటి నాకే ఎక్కువ పెట్టించాడు.

మార్చి 12

నిలువెత్తు లోతు అయింది. పైన తాటి దుంగలు, వాటి మీద మట్టి మూటలు. దిగడానికి మెట్లు. ఆ మెట్ల చెక్కడం నాయనది — మా చేరి బావిలోనూ అదే వాలు, కాలు జారదు.

వెల్లిచందై నుంచి వచ్చిన ముసలమ్మ తొంగి చూసి, "బస్సు ఇంక ఈ గుంతలోకే వస్తుందా సామీ?" అంది. అందరూ పగలబడి నవ్వారు. అప్పటినుంచి పాతాళ బస్టాండు అని పేరు పడిపోయింది. ఎండకు ఇప్పుడే జనం అందులో దిగి కూర్చుంటామంటున్నారు. ఏజెంటు ఒప్పుకోలేదు. "ఇంకా శుద్ధి కాలేదు" అన్నాడు.

మార్చి 16

అయింది, శుద్ధి.

పేడనీళ్ళ బిందె నా చేతికే ఇచ్చాడు. "నువ్వు సల్లు నాయుడూ. మన చెయ్యి పడితే సాలు." చల్లాను. మెట్టు మెట్టుకూ చల్లాను. పైన పదిమందీ పారలు భుజాన వేసుకుని నిలబడ్డారు. నేను పైకి రాబోతుంటే నాయన అరవంలో అన్నాడు — "సామీ, ఆ మూల మిగిలిపోయింది."

నాతో నాయన అరవంలో మాట్లాడటం, నాకు బుద్ధి తెలిశాక ఇదే మొదలు. వెనక్కి దిగి ఆ మూలా చల్లాను.

మార్చి 17

చెయ్యి ఎన్నిసార్లు కడిగినా అదే వాసన.

మార్చి 22, ఆదివారం

ఇంటికి పోలేదు.

మార్చి 24

విమానదాడి డ్రిల్లు. చిన్న రైలు పట్టా ముక్క ఒకటి వేపకొమ్మకు వేలాడదీశారు. దాన్ని సుత్తితో మోగించగానే అందరూ గుంతలోకి దిగాలి. దిగారు. తోపులాట, మూటలు, ఏడ్చే పిల్లలు. నేనూ దిగాను.

మట్టి మూటలు నింపడానికి వచ్చిన మా వాళ్ళూ మెట్ల దాకా వచ్చారు. ఏజెంటు లోపలి నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు: "మీరు ఆడనే పడుకోండి. బస్సు కిందికి దూరండి." నిజం బాంబు పడినా అదే మాట అనేవాడు, నాకు తెలుసు.

మెట్ల దారిలోంచి పైన నాయన అరికాళ్ళు కనిపించాయి. ఎండలో బోర్లా పడుకుని, చెప్పినట్టే చెవులు మూసుకుని… "ఎంత సల్లగా ఉందో సూడు నాయుడూ" అన్నాడు పక్కనుంచి ఏజెంటు. గోడకు ఆనుకున్నాను. వీపుకు పార గాట్లు గుచ్చుకున్నాయి. ఈ ఏజెంటును అసహ్యించుకున్నాను. నన్ను నేను ఇంకా ఎక్కువ.

మార్చి 29, ఆదివారం

పోలేదు. అమ్మ మునెన్నతో కబురు పెట్టినట్టుంది. అతను కిటికీ దగ్గర నిలబడి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు. పక్కన ఏజెంటు ఉన్నాడు మరి.

ఏప్రిల్ 4, శనివారం

పైమెట్టు విరిగింది. బాగుచేయడానికి నాయన ఒక్కడే వచ్చాడు. కిటికీకి నాలుగడుగుల దూరం. గుంత లోపల పార చప్పుడు.

ఏజెంటు తాంబూలం నములుతూ కూర్చున్నాడు. "మా తమ్మునికి కూతురుండాది నాయుడూ. మంచి పిల్ల. మీ నాయన్ని ఒకసారి పిలిపించు, మాట్లాడాల."

ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. ఆయన ఇక్కడే ఉన్నాడని. నోరు తెరిచాను కూడా.

"లేడండీ. పోయినాడు."

తెలుగులోనే అన్నాను.

గుంతలో పార ఆగింది. ఏజెంటు "అయ్యో" అన్నాడు. తరువాత పార మళ్ళీ మొదలైంది, అదే వరుసలో, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.

పని ముగించి పైకి వచ్చి, "ఇంక కూలదు సామీ" అని ఏజెంటుకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 5, ఆదివారం

చెప్పులు వేసుకున్నాను. విప్పాను.

నాయన అమ్మకు చెప్పి ఉండడు. పోతే ఎప్పటిలాగే జరిగి చాప మీద చోటిస్తాడు. నాకు భయమంతా అదే.

పదకొండు దాటింది. మళ్ళీ వేసుకున్నాను… కాలవ గట్టు దాకా పోయి చూస్తాను.