జేజి కలిమా చెప్పాక

శుక్రవారం, కోవూరు

మధ్యాహ్నం మా జేజి, నాయన వాళ్లమ్మ, కలిమా మొత్తం చెప్పింది. పోయేవాళ్ల ఆఖరి మాట అదే కావాలని మా వాళ్ల ఆశ. నాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "ఇంక ఆమెను ఎవురూ పలకరించబాకండి. ఏమన్నా బదులు చెప్పిందంటే మళ్లీ కలిమా చెప్పించాల. ఆమెకి ఆ ఓపిక యాడుంది?" అన్నాడు.

నాకు కలిమా నేర్పింది ఆమే. అది ఖుర్‌ఆన్‌లో ఎక్కడుందోనని తెలుగు అనువాదంలో వెతికాను. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడనే సగం ముహమ్మద్ సూరాలో ఉంది. ముహమ్మద్ అల్లాహ్ సందేశహరుడనే సగం దాని తర్వాతి ఫతహ్ సూరాలో ఉంది. రెండూ ఒకేచోట దొరకలేదు. నిన్న మసీదు హజ్రత్‌ని అడిగితే, "కలిపి సాక్ష్యం పలకడం ప్రవక్త నేర్పినారబ్బాయా, హదీసుల్లో చూడు" అన్నారు. సందేశహరుడు. ఎంత మంచి మాట! జేజికి చెప్పాలనుకున్నాను.

సాయంత్రం ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. పెదవులు కదిలాయి. దాహమేమో, ఏం కావాలో... భయమేసి లేచి వసారాలోకి వచ్చేశాను. నేను కనబడితే ఆమె మాట్లాడకుండా ఉండలేదు. ఇక్కడికి ఆమె ఊపిరి వినిపిస్తోంది. లోపలికి మాత్రం పోలేను.