ట్రక్కు ముందు హిచ్

ఏవండీ,

మీరు వెళ్లిపోయి నేటికి ఏడాది. పడవ అమ్మేయమని అందరూ చెప్పారు. అమ్మలేదు.

పడవ ఉన్న ట్రైలర్‌ను రివర్స్‌లో సరస్సులోకి దింపడం నాకెప్పుడూ చేతకాలేదు. నేను స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకు పోయేది. అందుకని మన సునీత రెండు రోజులు ఆ డెబ్బై ఎనిమిది మోడల్ పికప్ ట్రక్కు కింద పడుకుని, ముందు బంపర్ కింద ట్రైలర్ తగిలించే హిచ్ ఇంకోటి బిగించింది. ఫ్రేముకి రంధ్రాలు కూడా తనే వేసింది.

"మమ్మీ, ఇంక వెనక్కి చూడక్కర్లేదు. ట్రైలర్ ముందే ఉంటుంది. స్లోగా పుష్ చెయ్, అంతే," అంది.

ఈ ఉదయం పడవను కళ్లెదురుగా చూసుకుంటూ ర్యాంపు మీదుగా దించాను. మొదటిసారికే తిన్నగా నీళ్లలోకి దిగింది. చేపలు పడుతున్న ఒక పెద్దాయన వచ్చి, వంగి ఆ హిచ్ చూసి, "ఏ షాపులో చేయించారు?" అని అడిగాడు.

"మా అమ్మాయి చేసింది," అన్నాను. ఆయన నమ్మనట్టు చూస్తే, ఇంకాస్త గట్టిగా మళ్లీ చెప్పాను.

"మమ్మీ, ప్లీజ్!" అని సునీత సిగ్గుపడింది. కానీ ఆయన తన ట్రక్కుకీ ఒకటి బిగిస్తావా అని అడిగితే, వెంటనే చక్రాల మధ్య దూరి కొలతలు తీసుకుంది.

మీ టూల్‌బాక్స్ దానికి ఇచ్చేశాను. మీరు కాదనరని తెలుసు.

మీ
సరోజ