మీ ఇంటి ముందు స్టాప్

రత్నా,

మనిద్దరం కలిసి అడిగిన బస్సు కొనడానికి స్కూల్ బోర్డు నిన్న ఒప్పుకుంది. కొటేషన్లు రావాలనీ, వచ్చే మీటింగులో చూద్దామనీ ఏడాది సాగదీశారు. ఈలోగా మంచులో రోజూ పిల్లల్ని స్కూలుకి దింపలేక మీరంతా సర్రీ సిటీకి వెళ్లిపోయారు.

ఇదివరకు బోర్డు ముందు నువ్వే మాట్లాడేదానివి. నిన్న నేనొక్కదాన్నే లేచాను. “బస్సు లేకే మా ఫ్రెండ్ ఊరొదిలి వెళ్లిపోయింది” అన్నాను. ఓటింగులో అందరూ చేతులెత్తారు.

మనం అప్పుడిచ్చిన లిస్టులోంచి బస్సు ఆగే చోట్లు చదువుతూ మీ ఇల్లు కూడా చెప్పారు. “అక్కడ పిల్లలున్నారా?” అని ఛైర్‌పర్సన్ అడిగింది. లేరని చెప్పబుద్ధి కాలేదు.

“ఆ స్టాప్ ఉంచండి, ప్లీజ్” అన్నాను.

ఇప్పటికీ
నీ పక్కింటిదాన్నే