బాలయేసు చిటికెనవేలు

ఎల్ పారమితో,
జనవరి 14

పూజ్యులైన ఫాదర్ సెనోన్ గారికి, పై వీధి ఉబాల్దినా నమస్కరించి రాసుకునే సంగతులు.

మీరు ఊరు విడిచి మెరిదాలో మఠకన్యల వృద్ధాశ్రమానికి చేరి వారమైంది. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేనిచ్చిన అట్టపెట్టె చేరిందా? అందులో చీజ్ ఉంది, త్వరగా తినేయండి.

ఇక్కడ కొంప మునిగింది. చర్చిలో పశువుల తొట్టి ఖాళీ. బాలయేసు బొమ్మను ఎవరో ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోవడం తప్పని కాదు. కొత్త సంవత్సరం వచ్చాక కూడా ఆయన్ని పాటలతో లేపి నిలబెట్టకపోతే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, ఊరంతా పాడుకుంటూ దొంగింటికి వెళ్ళి తెచ్చుకుని విందు చేసుకోవాలి. కానీ దొంగన్నవాడు కిటికీలో దీపం పెట్టాలి కదా. ఊళ్ళో ఏ కిటికీలోనూ దీపం లేదు.

సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన కొత్త ఫాదర్‌కి ఇవేం తెలియవు. పోలీసును పిలిచారు. అతను శ్రద్ధగా రాసుకున్నాడు: పేరు యేసు. వయసు మూడు వారాలు. ఒంటి మీద బట్టల్లేవు. గుర్తు, కుడిచేతి చిటికెనవేలు లేదు.

ఆ వేలు ఎలా పోయిందో మీకు తెలుసు. ఆరేళ్ళ కిందట ఆయన్ని పట్టు రుమాల్లో పెట్టి నలుగురం నాలుగు చెంగులూ పట్టుకుని మోస్తూ పాడుతుంటే, నా చెల్లెలు ప్రాక్సెదిస్ తన చెంగు వదిలేసింది. నేనే వదిలానని అది అంటుంది. అప్పటినుంచి వయొలిన్లు మా పై వీధిలో, గిటార్లు వాళ్ళ కింది వీధిలో. సగం పండగ మాది, సగం వాళ్ళది. ఈ వయసులో నాకున్న సంతోషమంతా ఆ పాటలే ఫాదర్. పండగ గడువు ఫిబ్రవరి రెండు, ఆలోపు బాలుడు దొరక్కపోతే ఈ ఏడు ఆ సగం కూడా లేదు.

మీ దీవెనలు కోరే
ఉబాల్దినా

తా.క. దొంగ ప్రాక్సెదిసే. పాపసంకీర్తనంలో కూడా ఇదే చెప్పాను. కొత్త ఫాదర్, "నీ పాపాలు చెప్పమ్మా, ఆవిడవి కాదు" అన్నారు.

మెరిదా,
జనవరి 17

అమ్మా ఉబాల్దినా, ప్రభువు నీకు శాంతినిచ్చుగాక.

పెట్టె భద్రంగా చేరింది. లోపల ఏమీ విరగలేదు.

చెల్లెల్ని అనుమానించకు. ఎత్తుకున్నవాడు ముసలివాడనీ, ఒంటరివాడనీ, వాడి గుమ్మం ఎవరూ తొక్కరనీ నా మనసుకు తోస్తోంది. అలాంటి తలుపు తట్టు. ఒక్క వీధివాళ్ళే వెళ్ళకండి, రెండు వీధులూ కలిసి వెళ్ళండి.

ఆశీస్సులతో
సెనోన్

తా.క. డాక్టరు వద్దన్నాడని మఠకన్యలు చీజ్ దాచేశారు. అది కూడా మన ఆచారం కిందికి వస్తుందేమో ఆలోచిస్తున్నాను.

ఎల్ పారమితో,
జనవరి 22

పూజ్యులైన ఫాదర్ గారికి, ఉబాల్దినా తల వంచుకుని రాసేది.

మీరు చెప్పిన గుర్తులన్నీ దర్జీ నికనోర్‌కి అతికినట్టు సరిపోయాయి. ముసలివాడు, భార్య పోయింది, గుమ్మం ఎవరూ తొక్కరు. రెండు వీధులూ అన్నారు గానీ నాకు మనసొప్పలేదు. మా వీధి ఆడవాళ్ళం పన్నెండు మందిమి పాడుకుంటూ వెళ్ళి తలుపు తోశాం. ఆయన తొట్టెలో కూర్చుని స్నానం చేస్తున్నాడు. ముఖం తిప్పుకుని ఇల్లంతా వెతికాం. బాలుడు లేడు.

"ఇన్నేళ్ళకు నా గుమ్మం గుర్తొచ్చిందా ఉబాల్దినా?" అన్నాడు సబ్బు నురగలోంచి. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

ఈలోగా కొత్త ఫాదర్ పోలీసును ప్రాక్సెదిస్ ఇంటికి పంపారు. నేనే పంపించానని అది వీధిలో నిలబడి, "చిన్నప్పుడు తనని చంకనేసుకుని మోసినందుకు మా అక్క నాకు చేసే మర్యాద ఇదా" అని ఏడ్చిందట. మోసింది నేను, దాన్ని. అది కూడా తిరగేసి చెబుతోంది. అయినా ఆ ఏడుపు సంగతి విన్నాక నాకు అన్నం సయించడం లేదు ఫాదర్.

ఇట్లు
ఉబాల్దినా

తా.క. నికనోర్ కొత్త టోపీ కొన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి, "బాలుడు దొరికాడా?" అని అడుగుతాడు. దొరక్కూడదని ఆయన ప్రార్థిస్తున్నట్టుంది.

మెరిదా,
జనవరి 26

అమ్మా ఉబాల్దినా, ఈ ఉత్తరం కూర్చుని చదువు.

దొంగను నేనే. బాలయేసు నీ అట్టపెట్టెలో, చీజ్ పక్కన, బస్సులో నాతోపాటు వచ్చాడు. నా కిటికీలో రోజూ దీపం పెడుతున్నాను. మూడు గంటల దూరంలో ఉన్న దీపం మీకెలా కనిపిస్తుంది?

అసలు సంగతి అది కాదు. ఆరేళ్ళ కిందట మీ ఇద్దరిలో ఎవరూ చెంగు వదల్లేదు. మీరు పాడుతూ ఉంటే నేను బల్ల మీది మిస్తెలా సారా గ్లాసు కోసం చెయ్యి చాపాను. నా మోచెయ్యి రుమాలుకి తగిలింది. ఆయన కిందపడగానే మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, నా ముఖం ఎవరూ చూడలేదు. మరుసటి ఆదివారం చెబుదామనుకున్నాను. తాగుడు కోసం ప్రభువును పడేసిన గురువునని పీఠం ముందు నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. అలా ఆరేళ్ళు మీ పాట నేనే విరగ్గొట్టాను.

ఆ వేలు నా జపమాల సంచిలోనే ఉంది. అందరూ వస్తే అందరి ముందూ చెప్పి అతికిస్తాను. ఇన్నేళ్ళు మీ పాపాలు నేను విన్నాను. ఈసారి ప్రాయశ్చిత్తం నువ్వు చెప్పు.

సిగ్గుతో
సెనోన్

తా.క. ఇక్కడ పడుకోబెట్టిన ప్రతిసారీ మఠకన్యలు ఆయనకు ఊలు సాక్సులు తొడుగుతున్నారు. త్వరగా రండి.

ఎల్ పారమితో,
జనవరి 29

ప్రియమైన ఫాదర్ గారికి, ఉబాల్దినా, ప్రాక్సెదిస్ కలిసి రాసేది.

మీ ఉత్తరం పట్టుకుని ఆరేళ్ళ తర్వాత చెల్లెలి తలుపు తట్టాను. గుమ్మంలోనే నిలబడి చదివి వినిపించాను. అది ఆశ్చర్యపోలేదు.

"ఆ మోచెయ్యి నేను చూశానక్కా" అంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే ఫాదర్‌కి ఊళ్ళో తలెత్తుకునే వీలుంటుందా? నీతోనైతే ఎప్పటికైనా సర్దుకోవచ్చులే అనుకున్నాను. నువ్వు మరీ ఆరేళ్ళు తీసుకున్నావు."

నేను ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. అది కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి వంటింట్లో ఎవరో గిటార్ తీగలు బిగిస్తున్న చప్పుడైంది. నాకెంత సంతోషమేసిందో రాయడం నాకు చేతకాదు.

రెండో తేదీ పొద్దున రెండు బస్సుల్లో వస్తున్నాం. పై వీధివాళ్ళని, కింది వీధివాళ్ళని కలిపి కూర్చోబెట్టాం. కొత్త ఫాదర్ కూడా వస్తున్నారు, పాటలు నేర్చుకుంటున్నారు. పోలీసు తన కాగితంలో, "దొరికాడు, సాక్సులతో" అని రాసుకున్నాడు.

మీకు ప్రాయశ్చిత్తం మేమిద్దరం కలిసి నిర్ణయించాం. నాలుగో చెంగు మీరు పట్టుకోవాలి, రెండు చేతులతో. బాలుడు నిలబడ్డాకే మిస్తెలా.

మీ బిడ్డలు
ఉబాల్దినా, ప్రాక్సెదిస్

తా.క. మూడో చెంగు నికనోర్‌ది. నా ఎదురుగా నిలబడతాడట. ఈసారి చెంగు ఎవరైనా వదిలితే అది ఆయనే, ముందే చెబుతున్నాను.