నీలం డ్రమ్ముల్లో బంతిపూలు

మా టపాకాయకి,

నాన్న రాస్తున్నాడు. ఒళ్ళు బాగానే ఉంది, ఎడమ మోకాలే మాట వినడం లేదు. ఈ ఇంటి నుంచి నీకు ఉత్తరాలు రాసింది ఎప్పుడూ మీ అమ్మే కాబట్టి ఈ కోడిగీతలు చూసి కంగారు పడకు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నేను సందు చూసుకుని అసలు మాట మింగేస్తాను. అరవై ఆరేళ్ళుగా నాకు బాగా చేతనైన పని అదొక్కటే.

నెలాఖరుకి సెలవులకు వస్తామని రాశావు. "ఈలోగా అమ్మ ఉత్తరాల్లో తిప్పినట్టు నువ్వు కూడా ఒకసారి తోటంతా తిప్పి చూపించు నాన్నా. నీ మనవరాలికి మూడేళ్ళు నిండాయి, మొక్క మీదున్న టమాటా కోసుకుని అక్కడే తినాలని ఒకటే గోల" అన్నావు. ఆ ముక్క చదివాకే ఈ కాగితం తీశాను. ఎందుకో చెప్తాను. ముందు తోట తిప్పుతాను. తిట్టడం చివరిదాకా చదివాక పెట్టుకో.

ఇవాళ పొద్దున్న ఆరింటికే కాగితాలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మండువేసవి కదా, ఎనిమిది దాటితే గచ్చు మీద కాలు పెట్టలేం. మెట్టు దిగగానే ఎడమ చేతివైపు మీ అమ్మ పాతసామాను సైన్యం. చిల్లుపడ్డ కుక్కర్లో గడ్డిగులాబీలు, పిడి ఊడిన బకెట్లో కనకాంబరాలు, నీకు చిన్నప్పుడు స్నానం చేయించిన తొట్టిలో చామంతి. నా పాత బూట్లలో కూడా ఏదో ముళ్ళమొక్క పెట్టింది. "నీకంటే నీ బూట్లు నయం, కదలకుండా ఇంటిపట్టున ఉంటున్నాయి" అనేది. ఆ ముళ్ళమొక్కకి ఇప్పుడు ఎర్రటి పువ్వు ఒకటి పూసింది. చూడటానికి ఆమె లేదు.

వంటింటి గోడ వెంబడి మట్టికుండీలు, పద్నాలుగు. టమాటా, మిరప, వంగ, పాలకూర, పుదీనా. మీ అమ్మ పోయాక నేను చేసేది నీళ్ళు పోయడమే, రాలిన గింజలే మళ్ళీ మొలుస్తున్నాయి. ఈ ఎండకి పాలకూర కాస్త తల వాల్చింది గానీ టమాటాలు మాత్రం విరగకాశాయి. అది దాటితే ప్రహరీ పొడుగునా నీలం డ్రమ్ములు. పదకొండు డ్రమ్ములు అడ్డంగా కోస్తే ఇరవై రెండు తొట్లు. బంతి, జినియా, మందారం, కాగితంపూలు. వీధిలో అందరి మొక్కలూ మాడిపోతుంటే ఇవి పంతం పట్టినట్టు పూస్తున్నాయి. నీలం మీద ఆ పసుపు, ఆ ఎరుపు చూసి దారినపోయేవాళ్ళు గోడ మీంచి తొంగిచూసి "ఏం వేస్తారండీ వీటికి?" అని అడుగుతారు. నేను వినపడనట్టు లోపలికి వచ్చేస్తాను.

ఇంక చుట్టూ తిప్పను. ఆ డ్రమ్ములు నేను మీకు చెప్పినట్టు సబ్బునీళ్ళవి కావు. మా పురుగుమందుల ఫ్యాక్టరీకి ముడి రసాయనం వచ్చిన డ్రమ్ములు. ఖాళీ అయ్యాక చిల్లులు పొడిచి, నలగ్గొట్టడానికి పంపేయాలి. అది చూసుకోవాల్సిన గోదాము మనిషిని నేనే. ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి పన్నెండేళ్ళ కాపురంలో మీ అమ్మ నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే, పెద్ద తొట్లు కావాలని. గోదాము వెనక కూర్చుని పదకొండు డ్రమ్ముల మీదా పుర్రె బొమ్మ ఉన్న కాగితం బ్లేడుతో గీకేశాను. ఫ్యాక్టరీ లారీ డ్రైవర్ని బతిమాలి ఒక్క విడతలో ఇంటి ముందు దింపించాను. "ఏం డ్రమ్ములు ఇవి?" అంది. "నేల కడిగే సబ్బు వస్తుందిలే" అన్నాను. ఆ రోజు ఆమె మొహం నీకు గుర్తుండే ఉంటుంది. నేనేదో రాజ్యం గెలుచుకొచ్చినట్టు మీసం తిప్పాను, సిగ్గులేకుండా.

రెండు రోజులకి ఆమె అరచేతులు పొరలు లేచాయి. "నాకు ఈ సబ్బు పడలేదేమో" అంది. నేను "అయ్యుంటుంది" అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఏడాదిన్నర కింద ఆస్పత్రిలో, రక్తంలో జబ్బని తేలిన రోజు, డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. "ఆవిడ ఎప్పుడైనా రసాయనాల మధ్య పని చేశారా? ఇంట్లో అలాంటివేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. "లేదండీ, ఇల్లు, తోట, అంతే" అన్నాను. తోట అనే మాట కూడా నా నోటితోనే అన్నాను చూడు! ఎందుకు దాచానంటే, నీవల్లే అంటారని భయం. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. పిరికితనానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోను.

ఇప్పుడు నా మనవరాలు ఆ టమాటాలు తింటానంటోంది. మీ అమ్మ ఏటా మట్టి గుమ్మరించి, ఎరువు కలిపి, మళ్ళీ నింపేది. ఏ డ్రమ్ములో మట్టి ఏ కుండీలోకి పోయిందో ఎవరికి తెలుసు? అందుకే తిరగడం అయ్యాక కుండీల్లో తినే మొక్క అన్నది లేకుండా వేళ్ళతో సహా పీకేశాను. పచ్చి టమాటాలే బకెట్టెడు. అన్నీ గొయ్యి తీసి పూడ్చాను. డ్రమ్ముల్లో పూలు మాత్రం వదిలేశాను. వాటిని ఎవరూ తినరు కదా, పైగా ఆమె చేత్తో పెట్టిన మొక్కలు, వాటి గింజల పిల్లలు, వాటి మీదకి నాకు చెయ్యి రాలేదు.

నువ్వు రావద్దు. పిల్లని ఈ గడప తొక్కనివ్వకు. మీ అమ్మని నేనే పోగొట్టుకున్నాను. నా మొహం చూడాలనిపిస్తే కబురు చెయ్యి, నేనే వస్తాను. అనిపించకపోయినా నిన్ను తప్పుపట్టను.

మీ నాన్న

*

నాన్నకి,

"ప్రియమైన" అని రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను. ప్రస్తుతానికి వట్టి నాన్నకే. ఉత్తరం అందిన రోజే జవాబు రాస్తున్నాను, స్కూల్లో స్టాఫ్‌రూంలో కూర్చుని. పక్క టీచరు "ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అని రెండుసార్లు అడిగింది.

అమ్మకి తెలుసు.

నువ్వు డ్రమ్ములకి పైన గీకావు. అడుగున చూడలేదు. నీ మాట నమ్మి అమ్మ మొదటి మూడూ ఒట్టి చేతులతో రుద్ది రుద్ది కడిగింది. మూడోదాన్ని ఆరబెట్టడానికి బోర్లిస్తే అడుగున ఇంకో కాగితం, దాని మీద పుర్రె బొమ్మ. నాకప్పుడు పదకొండేళ్ళు, పక్కనే ఉన్నాను. అమ్మ లోపలికెళ్ళి నీ గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, నువ్వు డ్యూటీ దిగి వచ్చేలోపు పదకొండింటికీ అడుగున గీకేసింది. తనకి తెలిసినట్టు నీకు తెలియకూడదట.

"పారేద్దామమ్మా" అన్నాను. "ఎక్కడ పారేస్తావే? చెత్తలో వేస్తే ఎవరో ఒకరు పట్టుకుపోయి నీళ్ళు పోసుకుంటారు. మన దగ్గరే ఉండనీ. పూలమొక్కలు పెడితే ఎవరూ ముట్టుకోరు" అంది. "నాన్నకి చెప్దాం" అన్నాను. "వద్దు. ఎంత సంబరంగా తెచ్చాడో చూశావుగా. తనే చెప్తాడు ఎప్పుడో ఒకప్పుడు" అంది.

కుండీల మట్టి వేరు నాన్నా. మొక్కలమ్మే ముసలాయన దగ్గర కొని, సైకిల్ మీద బస్తాలేసి నేనూ అమ్మా తోసుకుంటూ తెచ్చాం. కుండీలకి ఎర్రపిడి పార, డ్రమ్ములకి నల్లపిడి పార. ఒకదానికి వాడింది ఇంకోదానికి తగలనిచ్చేది కాదు. నీలం వాటిల్లో వేలు పెడితే వేలు విరగ్గొడతానని నన్ను బెదిరించేది. ఇరవై ఏళ్ళు ఆ పెరట్లో తిరిగావు, ఒక్క ఇంట్లో రెండు పారలెందుకని ఒక్కసారైనా అడిగావా? ఇప్పుడు పీకేసి పూడ్చిపెట్టినవే మంచివి. ముద్దుగా వదిలేసినవే విషం. ఇది చదువుతుంటే నవ్వొచ్చింది, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఆస్పత్రి సంగతి. డాక్టరు నిన్ను పక్కకి పిలిచాడన్నావే, ఆ పక్క అంటే తెరకి అవతల. ఇవతల మంచం మీద అమ్మ మెలకువగానే ఉంది, పక్కన నేనున్నాను. నువ్వు "లేదండీ" అన్నది వింది. నువ్వు మందులు తేవడానికి వెళ్ళగానే డాక్టర్ని పిలిపించి ఉన్నదున్నట్టు తనే చెప్పింది. "దానివల్ల కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు తేల్చలేం. వైద్యం మాత్రం ఏదైనా ఇదే" అన్నాడాయన. కాబట్టి నీ అబద్ధం వల్ల వైద్యం చెడలేదు. ఆ ఒక్క బరువు దించుకో.

రెండోది నేను దించలేను. డాక్టరు వెళ్ళాక అమ్మ "పాపం, భయపడ్డాడు. నాలుగు రోజులు పోతే నాకు చెప్తాడులే" అంది. ఆ తర్వాత నాలుగు నెలలు బతికింది. నువ్వు రోజూ తల దువ్వేవాడివి, గుర్తుందా? దువ్వుతున్నప్పుడల్లా "నాకేమైనా చెప్పాలా?" అని అడిగేది. నువ్వు "ఏముంటుంది, కళ్ళు మూసుకో" అనేవాడివి. ఆఖరి వారం అడగడం మానేసింది.

నాతో ఒట్టు వేయించుకుంది, నిన్ను అడిగి చెప్పించకూడదని, నీ అంతట నువ్వు చెప్తే వినాలని. అమ్మ పోయి ఏడాది దాటింది. నా ఓపిక అయిపోయింది. అందుకే టమాటాల మాట కావాలనే రాశాను. నీ మనవరాలికి టమాటా అంటే అసహ్యం, కంచంలో కనిపిస్తే ఏరి కింద పారేస్తుంది. కుండీల్లోవి మంచివని నాకు తెలుసు, నీకు తెలీదని కూడా తెలుసు. నువ్వు గనక "తీసుకురామ్మా, కోసి పెడతా" అని రాసి ఉంటే, ఒట్టేసి చెప్తున్నా, ఇంక జన్మలో నీ గుమ్మం ఎక్కేదాన్ని కాదు.

నువ్వు రావద్దన్నావు. బతికాను.

ఆదివారం పొద్దుటి బస్సుకి ఒక్కదాన్నే వస్తున్నాను. పిల్ల సంగతి తర్వాత చూద్దాం. డ్రమ్ములు ఎక్కడ నలగ్గొడతారో మీ పాత ఫ్యాక్టరీలో కనుక్కుని ఉంచు. ఆ మట్టి కూడా ఎక్కడ పడితే అక్కడ పొయ్యకూడదు, అదీ అడుగు. ఎందుకని వాళ్ళు అడిగితే ఉన్నదే చెప్పు. నేను గ్లౌజులు తెస్తాను, నేను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు.

నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. కానీ ఇంట్లోకి అడుగు పెట్టే ముందు ఒక పని ఉంది. నేను గుమ్మంలో నిలబడతాను. నువ్వు లోపల అమ్మ పడుకున్న మంచం పక్కన కూర్చో, రోజూ తల దువ్వడానికి కూర్చున్న చోటే. నాకు రాసినదంతా అమ్మకి చెప్పు. కాగితం చూసి చదవకు, నోటితో చెప్పు. మధ్యలో ఆగిపోయినా ఫరవాలేదు, ఎంతసేపైనా నిలబడతాను.

నీ కూతురు