ఖైరూన్‌బీ తెచ్చిన దట్టీ

పాల్మాకుల, 22-11-2011

సత్తెక్కకు తమ్ముడు కుర్మయ్య దండాలు, ఇక్కడ అందరం బాగున్నాం.

దేశం విడిపోయాక, తనకు ఎనిమిదేళ్లప్పుడు కరాచీ వెళ్లిపోయిన మన పక్కింటి ఖైరూన్‌బీ మొన్న దుబాయి మీదుగా శంషాబాద్‌లో విమానం దిగింది. వీసా పట్నం వరకేనట, ఇంత దగ్గరికి వచ్చి కూడా మన ఊరికి రాకూడదట. అందుకని నేనే విమానాశ్రయానికి వెళ్లి కలిశాను.

"మా పీరును ఇప్పుడు ఎవరు ఎత్తుకుంటున్నరు కుర్మా?" అని అడిగింది.

"మీరు పోయినకాంచి మేమే" అన్నాను.

ఆమె సంచి విప్పింది. పీరుకు కట్టమని పచ్చ గుడ్డ దట్టీ నా చేతిలో పెట్టింది.

నీ మోకాళ్లకు నూనె రాస్తున్నావా? భివండీలో అల్లుడికి మళ్లీ పని దొరికిందా? జాబు రాయి. పిల్లలకు నా దీవెనలు.

ఈసారి పీర్ల పండుగకు నువ్వు దట్టీ పంపకు. ఖైరూన్‌బీ తెచ్చినదాన్ని పీరు కర్రకు కొలిచి చూస్తే రెండు మూరలు ఎక్కువే ఉంది. "కోస్తే సరిపోతది" అని నీ మరదలు కత్తెర తెచ్చింది. నేను వద్దన్నాను. చిన్నప్పుడు తలెత్తి చూసిన పీరు కదా, ఆమెకు అది ఇంకా అంత ఎత్తే.